నొప్పుల పుస్తకం

ఆగస్టు 4, సోమవారం

ఎడమ మోకాలు. నడుము. మెట్లు ఎక్కితే ఆయాసం. తెల్లవారుజామున దగ్గు.

రోజూ ఇలా రాయమన్నాడు సదానందం. మా పక్క క్వార్టరే. యూనియన్‌లో తిరిగే మనిషి, మెడికల్ బోర్డుకు పోయి వచ్చినవాళ్లను చాలామందిని చూశాడు. "ఎవని నొప్పి వానికి యాదికుండదే అన్నా. డాక్టర్ అడిగినప్పుడు నోరు తెరుస్తరు. రాసి పెట్టు" అని ఈ నోటుబుక్కు తనే తెచ్చి ఇచ్చాడు.

బొగ్గుబాయిలో నాది ముప్పై నాలుగేళ్ల నౌకరి. ఇప్పుడు లోపల పంపు నడుపుతున్నాను. బోర్డు నన్ను అన్‌ఫిట్ అంటే నా నౌకరి మా బిడ్డ తిరుమలకు వస్తుంది. కాని రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి. జనవరి మూడున నాకు యాభై తొమ్మిది నిండుతాయి, అరవై ఒకటికి రిటైర్మెంటు. ఈ ఏడాది దాటితే ఇక లేదు. తిరుమల డిగ్రీ అయి మూడేళ్లయింది. ఒక్కతే సంతానం.

సదానందం చెప్పిన మిగతావి. గ్యాస్ బండ ఎత్తవద్దు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవాలి. మోటర్ సైకిల్ ముట్టవద్దు. దర్జాగా బండి మీద తిరిగేవాణ్ణి అన్‌ఫిట్ అని ఎవరంటారు అన్నాడు. నిజమే. బండి తాళం తిరుమలకు ఇచ్చేశాను.

ఆగస్టు 5

మోకాలు. నడుము.

ఆగస్టు 6

అవే.

ఆగస్టు 7, గురువారం

బస్సు రాలేదు. బాయి గేటు చేరేసరికి ఏడు దాటింది, మస్టర్‌లో హాజరు పడలేదు. ఒక రోజు పోయింది.

ఇంటికి వచ్చి వెనక రేకుల కింద వేలాడదీసిన సైకిల్ దించాను. నౌకరి వచ్చిన ఏడాది కొన్నది. నా భార్య సారవ్వ దాని మీద మూడేళ్లుగా చింతపండు సంచులు పెడుతోంది. రెండు ట్యూబులూ పోయాయి, చైన్ తుప్పు పట్టింది. చౌరస్తాలో పంక్చర్ షాపాయన చూసి, దీన్ని బాగు చేయడం కంటే ఇంకో పెండ్లి చేసుకోవడం సులువు అన్నాడు. సాయంత్రానికి బాగు చేశాడు.

సదానందాన్ని అడిగాను. సైకిల్‌తో నష్టం లేదన్నాడు. బండి తోలలేక సైకిల్‌కు దిగాడు అనుకుంటారు, మనకే మంచిది అన్నాడు. "కాని తొక్కకే. పట్టుకొని నడువు. మంది కంట్ల పడని తొవ్వల పో."

మంది కంట్లో పడని తొవ్వ అంటే పోచంపాడు కాలువ కట్ట ఒక్కటే. రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు, కట్ట మీద తొమ్మిది.

ఆగస్టు 8

కట్ట మీద పోయాను. సగం దూరం నడిపించుకుంటూ పోయాను. సగం తొక్కాను. తొక్కింది సగం కంటే కొంచెం ఎక్కువ.

లారీలు లేవు. దుమ్ము లేదు. కుడివైపు నీళ్లు, ఎడమవైపు నాట్లు. రైతులు మోటర్ పైపులు కట్టకు అడ్డంగా వేశారు, వాటి మీద ఎక్కినప్పుడల్లా సద్ది గిన్నె మోగింది. ఎన్టీపీసీ పొగగొట్టాలు మొదట ముందు కనిపిస్తాయి, కాలువ తిరిగాక వెనక్కి పోతాయి.

మస్టర్ పడింది.

ఆగస్టు 9

పిక్కలు. రెండు తొడలు. కూర్చునే చోటు. మెడ. అరచేతులు.

ఇవన్నీ నిజమైనవి. సదానందం చదివి చాలా సంతోషించాడు.

ఆగస్టు 14, గురువారం

డ్యూటీ దిగి వస్తుంటే తూము దగ్గర ఒకాయన సైకిల్ అడ్డం పెట్టి ఆపాడు. ఖాకీ చొక్కా, తలకు తువ్వాల. కాలువ లష్కర్ అట, పేరు భూపాల్. పదకొండు కిలోమీటర్ల కాలువ, దాని గేట్లు ఆయన చూసుకుంటాడు. రోజూ కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి సైకిల్ మీదే.

ఎవరు, ఏ ఊరు, కాలువలో మోటర్ వేయడానికి చోటు చూస్తున్నావా అని అడిగాడు. బాయి డ్యూటీ నుంచి వస్తున్నానని చెప్పాను. నమ్మలేదు. బాయి పని చేసేవాళ్లు చాయ తాగడానికి కూడా కార్లలో పోతారని ఆయన లెక్క. పానం బాగుండదు, మోకాలు నొప్పి, ఆయాసం అన్నాను. నన్ను చూడలేదు, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక చక్రం నొక్కాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు.

"గాలి లేదు. సీటు చూడు ఎంత కిందికున్నదో. గీ నొప్పి నీది కాదు, సైకిల్‌ది" అన్నాడు.

సంచిలోంచి పానా తీసి సీటు నాలుగు వేళ్లు పైకి ఎత్తాడు. పంపు తీసి గాలి కొట్టాడు. మాటల్లో మా సారవ్వ పుట్టిన ఊరు ఆయన ఊరే అని తేలింది. ఇక అప్పటి నుంచి నేను బావనే.

ఆగస్టు 16

నడుము.

మోకాలు ఈరోజు తెలియలేదు. పనిలో పడి మర్చిపోయి ఉంటాను.

ఆగస్టు 25

నడుము కొంచెం.

భూపాల్ తూము నుంచి మర్రిగేటు దాకా పందెం అన్నాడు. నాకు పానం బాగుండదని చెప్పాను. చెప్పి తొక్కాను. ఓడిపోయాను, కాని ఎక్కువ కాదు.

సెప్టెంబర్ 3, బుధవారం

ఏటవాలు దారిలో బాయి లోపలి నుంచి పైకి ఎక్కేటప్పుడు నేను మూడుచోట్ల ఆగేవాణ్ణి. ఈరోజు వెనక్కి చూస్తే కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడో కింద ఉన్నారు, వాళ్ల టోపీ లైట్లు మాత్రం కనిపిస్తున్నాయి. నేను ఎక్కడా ఆగినట్టు గుర్తులేదు. అప్పుడు గుర్తొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు వచ్చి, కాకా దమ్ము తీసుకో, మెల్లగ రా అన్నారు. దగ్గాను.

ఈమధ్య బాయిలో గాలి బాగా వదులుతున్నట్టున్నారు.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఆయాసం కొంచెం.

సెలవు. ఊరికే కట్ట మీద ఎగువకు పోయాను. భూపాల్ హద్దు దాటి, పెద్ద గేటు దాకా. ఇరవై రెండు కిలోమీటర్లు పోను, ఇరవై రెండు రాను. సారవ్వకు సదానందంతో పని ఉందని చెప్పాను. సదానందానికి గుడికి పోతున్నానని చెప్పాను.

తిరిగి వస్తుంటే మా కాలనీ వెనక, కట్ట కింద ఉన్న ఖాళీ జాగాలో ఆడవాళ్లు నలుగురైదుగురు స్కూటీలతో కనిపించారు. పక్కన మా బండి లాంటి ఎర్ర బండి ఉంది. ఎర్ర బండ్లు కాలనీలో వంద ఉంటాయి.

సెప్టెంబర్ 9

బండి మీటరు చూశాను. నెలలో ఆరు వందల కిలోమీటర్లు తిరిగింది. తిరుమల కోచింగ్‌కు పోతుందని సారవ్వ అంది. కోచింగ్ సెంటర్ కాలనీలోనే ఉంది.

అడగలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. కట్ట పొడవునా గునుగు విరగబూసింది, తంగేడు కూడా. క్యారియర్ నిండా కట్టుకుని వచ్చాను. సారవ్వ పూలు చూసింది, నన్ను చూసింది.

"నడుము వంగదన్నవు. గింత గునుగు ఎవలు కోసిండ్రు?"

భూపాల్ కోసిచ్చాడని చెప్పాను. మా ఊరి మనిషి మంచోడు అంది. రేపు వాకిట్లో ఆడవాళ్లందరి బతుకమ్మల్లో మాదే పెద్దదవుతుంది.

నొప్పులు రాయడం మర్చిపోయాను. నడుము అనుకుందాం.

సెప్టెంబర్ 28, ఆదివారం

రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తాను.

పొద్దున కట్ట మీద వస్తున్నాను. వాలు ఉంది, బాగా వేగంగా వస్తున్నాను. కింద జాగాలో మళ్లీ ఆడవాళ్లు. ఒకామె స్కూటీ మీద వంకరటింకరగా కట్ట మీదికే ఎక్కి వచ్చింది. బ్రేకు పట్టుకోకుండా హారన్ కొడుతోంది. వెనక ఇంకో పిల్ల "బ్రేకక్కా, బ్రేకు" అని ఉరుకుతూ వస్తోంది. నేను సైకిల్ మీంచి దూకి స్కూటీ హ్యాండిల్ పట్టి ఆపాను. వెనక ఉరికి వచ్చిన పిల్ల తిరుమల.

స్కూటీ మీద ఆమె ఇంకా హారన్ కొడుతూనే ఉంది.

ఆమె రాజకుమారి. భర్త పోయాక ఆయన నౌకరి ఇచ్చారు, మా బాయి మీద టోపీ లైట్లు ఇచ్చే ల్యాంప్ రూంలో పని. ఏడు గంటల షిఫ్టుకు ఆటో దొరక్క మస్టర్లు పోతున్నాయట. స్కూటీ కొనుక్కుంది, నడపడం రాదు. ఇలాంటివాళ్లు కాలనీలో చాలామంది ఉన్నారు. తిరుమల నా బండి మీద తను నేర్చుకుని, వీళ్లకు నేర్పుతోంది. పక్క కాలనీకి కూడా పోతుందట. ఆరు వందల కిలోమీటర్లు అవే.

"బాపూ, నీ మోకాలు వంగదు కదా" అంది తిరుమల.

"నువ్వు కోచింగ్‌ల ఉండాలె కదా" అన్నాను.

సారవ్వకు చెప్పొద్దని ఒప్పందం చేసుకున్నాం. పోయేటప్పుడు నా సైకిల్ దిక్కు చూసి, రాజకుమారక్కకు ముందు సైకిల్ రావాలె బాపూ, మనిషికి బ్యాలెన్సే లేదు అంది.

అక్టోబర్ 5, ఆదివారం

మా అక్క ఐలవ్వ ఊరు కాలువ పక్కనే, ఎగువన ముప్పై ఒక్క కిలోమీటర్లు. బస్సులో పోతే రెండు చోట్ల మారాలి, అందుకే ఏడాదికి ఒకసారి పోయేది. ఈరోజు సైకిల్ మీద పోయాను. తెల్లవారి ఐదున్నరకు బయలుదేరితే ఎనిమిదిన్నరకు చేరాను. దారిలో మూడు ఊళ్లు, వాగు మీంచి కాలువను దాటించే ఒక ఆక్విడక్టు, లెక్కలేనన్ని కొంగలు. ఒకచోట బర్లు కట్ట నిండా పడుకుని లేవలేదు, సైకిల్ ఎత్తుకుని పక్కనుంచి దాటాను.

అక్క వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఏమైందిరా అని భయపడింది. ఏమీ కాలేదు, చూడబుద్ధయ్యి వచ్చాను అంటే ఇంకా భయపడింది. తర్వాత మక్కగారెలు చేసింది. పదకొండు తిన్నాను.

తొమ్మిదేళ్ల కింద బావ పోయినప్పటి నుంచి మేమిద్దరం ఇంతసేపు కూర్చుని మాట్లాడింది లేదు. ఎక్కువ వడ్ల గురించే మాట్లాడాం.

అక్టోబర్ 6

అక్క నిన్ననే సారవ్వకు ఫోన్ చేసింది. తమ్ముడు సైకిల్ మీద వచ్చిండు, ఎంత మంచిగ అయ్యిండు సారవ్వా, చెయ్యంత కండ పెట్టిండు అని సంతోషంగా చెప్పిందట.

సారవ్వ అరవలేదు. అరిస్తే బాగుండేది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మంది మొగుళ్లు తాగి చెడిపోతరు. నా మొగడు బాగుపడి చెడగొట్టబట్టె. పిల్ల నౌకరి సంగతేంది?"

సైకిల్‌కు గొలుసు వేసి తాళం వేసింది. తాళంచెవి బియ్యం డ్రమ్ములో వేసిందని తెలుసు. ఎంత లోతులో వేసిందో తెలియదు.

అక్టోబర్ 7

బస్సు. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. కాళ్లు గుంజాయి.

అక్టోబర్ 8

బస్సు. దుమ్ము. దగ్గు.

అక్టోబర్ 9

బస్సు. తలనొప్పి. సదానందం పుస్తకం చూసి మళ్లీ దారిలో పడ్డావు అన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున లేచి వెనక్కి పోతే సైకిల్‌కు గొలుసు లేదు. సీటు తుడిచి ఉంది. చక్రాల్లో గాలి ఉంది. తిరుమల చేతుల మీద బియ్యం తవుడు కనిపించింది. సారవ్వ డ్రమ్ము మూత చూసి, దాన్ని సరిగ్గా పెట్టి వంటకు పోయింది.

కట్ట మీదికి పోతే భూపాల్, బావా బతికే ఉన్నవా అన్నాడు. వారం రోజులు నీళ్లు నా కోసమే ఆపాడట. వంతు ప్రకారం ఆపాడు, నాకు తెలుసు.

అక్టోబర్ 26

రాజకుమారి నా సైకిల్ మీద బ్యాలెన్సు నేర్చుకుంటోంది. మూడుసార్లు పడింది, ఒకసారి కాలువలో. నీళ్లు మోకాలు దాకే ఉన్నాయి. భూపాల్ తీశాడు. స్కూటీకి హారన్ కొట్టినట్టే సైకిల్‌కు బెల్లు కొడుతుంది. భయమేస్తే ఆమెకు బ్రేకు గుర్తుకురాదు, బెల్లే గుర్తొస్తుంది.

నొప్పులు లేవు. సదానందానికి చూపించలేదు.

నవంబర్ 17, సోమవారం

బోర్డు కాగితం వచ్చింది. డిసెంబర్ 11, కొత్తగూడెం.

సాయంత్రం తిరుమల కట్ట మీదికి వచ్చింది. ఇద్దరం తూము అరుగు మీద కూర్చున్నాం. కోతలయ్యాయి, పొలాల్లో మోళ్లే ఉన్నాయి. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి అడగాల్సింది నేరుగా అడుగుతుంది.

"నౌకరి వద్దంటే అబద్ధమయితది బాపూ. నాకు కావాలె. గీ స్కూటీలు నేర్పుడు ఎన్నిరోజులు నడుస్తదో తెల్వది. బోర్డు దాక సైకిల్ బందు పెడతవా?"

పెడతానన్నాను.

"నీకు బాగయిందని నాకు తెలుసు. అయినా అడుగుతున్న" అంది.

అడగడంలో తప్పు లేదు. ఇరవై నాలుగు రోజులు. సైకిల్ రాజకుమారికి ఇచ్చాను.

నవంబర్ 21

బస్సు. సదానందం చెప్పినట్టు మామిడికాయ తొక్కుతో రెండు పూటలా తింటున్నాను, బీపీ పెరుగుతుందని. మధ్యాహ్నం కాలనీ దవాఖానలో చూపించుకున్నాను. నూట ఇరవై, ఎనభై.

నవంబర్ 24

పదకొండేళ్ల కింద మానేసిన బీడీ ఒకటి కాల్చాను. కక్కొచ్చింది. కడుపు నొప్పి అని రాసుకున్నాను.

నవంబర్ 30, ఆదివారం

సెలవు. ఇంట్లోనే ఉన్నాను. నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చి కట్ట దిక్కు చూశానని సారవ్వ లెక్క చెప్పింది.

డిసెంబర్ 7, ఆదివారం

సదానందం నోటుబుక్కు మొత్తం చదివాడు. మక్కగారెలు, పందేలు, కొంగలు, అన్నీ. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నొప్పులు రాయమంటే యాత్ర రాసినవేందే అన్నాడు.

కొత్త నోటుబుక్కు కొనుక్కొచ్చాడు. నెలకు ఒక పేజీ. పక్కన ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అంకెలు తనే స్కేలు పెట్టి గీసి ఇచ్చాడు. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్. తను చెబుతుంటే నేను నింపాను. మోకాలు, నడుము, ఆయాసం, దగ్గు, మళ్లీ మోకాలు. మధ్యమధ్య కండ్లు తిరుగుడు. రెండు గంటల్లో మూడు నెలలు అయిపోయాయి. ఒక్క గీత కూడా ఖాళీ పోనివ్వలేదు.

ఇది మటుకు ఇంట్లో పెట్టి పో అన్నాడు ఈ పుస్తకాన్ని చూపించి.

డిసెంబర్ 11, గురువారం

రైలులోనే రాస్తున్నాను, సదానందం వద్దన్నా ఈ పుస్తకం సంచి అడుగున పెట్టుకునే వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

వరండాలో పదిహేను మందిమి కూర్చున్నాం. నా పక్కన జగదీశ్వర్ అని వేరే బాయి మనిషి, నాకంటే ఆరేళ్లు చిన్నోడు. బెంచీ మీంచి లేచి నీళ్ల కుండ దాకా పోయి రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. గ్లాసు నేను తెచ్చి ఇస్తానంటే, వద్దన్నా, నడిచి చూసుకుంటున్న అన్నాడు. దగ్గడం పొద్దుటి నుంచి మనసులో అలవాటు చేసుకుంటూ వచ్చాను. అతని పక్కన కూర్చున్నాక చేతకాలేదు.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ కోస్తా మనిషి, మాట మెత్తగా ఉంది. బల్ల మీద విద్య అని పేరు ఉంది. ఎంత దూరం నడవగలరు అంది. యాభై అడుగులు అన్నాను. నోటుబుక్కు ఇచ్చాను. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"సెప్టెంబర్ ముప్పై ఒకటిన ఎడమ మోకాలు అని రాశారు. ఆ రోజు ఏం చేశారండి?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను.

"డ్యూటీకి పోయిన మేడం."

"నవంబర్ ముప్పై ఒకటిన?"

"ఆ రోజు రెస్టు."

ఆమె లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయి, సెప్టెంబర్ కాగితం ఎత్తి పట్టుకుని నన్ను రమ్మంది. అప్పుడు కనిపించింది. పక్కనున్న పెద్ద డాక్టర్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నవ్వు ఆపుకోలేక. నాకూ వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు.

తర్వాత గుండె చూశారు, మెట్లు ఎక్కించి దించారు, గొట్టంలో ఊదించారు. నాడి యాభై ఎనిమిది అంది డాక్టరమ్మ, మళ్లీ పట్టి చూసింది. రోజూ ఏం చేస్తారని అడిగింది. ఇక చెప్పాను. కట్ట, తూము, సీటు నాలుగు వేళ్లు ఎత్తడం, మా అక్క ఊరు ముప్పై ఒక్క కిలోమీటర్లు, మూడు గంటల్లో పోవడం. అన్నీ చెప్పాను. అక్కడ చెప్పకూడనిదంతా చెప్పాను. చెబుతుంటే ఆనందంగా ఉంది, అది కూడా రాసుకోవాలి.

సాయంత్రం కాగితం ఇచ్చారు. ఫిట్. ఉన్న పనికే ఫిట్.

జగదీశ్వర్‌కు అన్‌ఫిట్ ఇచ్చారు. ఇద్దరం ఒకే ఆటోలో స్టేషన్‌కు వచ్చాం. నా కాగితం చూసి "పాపం అన్నా" అన్నాడు. అతని కాగితం చూసి తిరిగి ఇచ్చి, అతని సంచి నేను అందుకున్నాను.

డిసెంబర్ 12

తిరుమలకు కాగితం ఇచ్చాను. చదివి మడిచి ఇచ్చింది. అప్లికేషన్ కోసం తీయించుకున్న ఫొటోలు, సర్టిఫికెట్ల జిరాక్సులు సంచిలో పెట్టి బీరువా మీద పెట్టింది.

సదానందానికి ముప్పై ఒకటి సంగతి చెప్పాను. ఆయన ఇంట్లోకి పోయి క్యాలెండర్ చూసుకుని వచ్చాడు. మళ్లీ పోయి చూసుకున్నాడు.

డిసెంబర్ 13

ఎవరూ మాట్లాడలేదు.

డిసెంబర్ 14

సారవ్వ మాట్లాడింది. "మొఖం చూస్తనే తెలుస్తది బోర్డోళ్లకు. కొత్త పెండ్లికొడుకు లెక్క పోతివి." తిరుమల నవ్వలేదు.

డిసెంబర్ 16, మంగళవారం

పొద్దున డ్యూటీకి పోదామంటే సైకిల్ లేదు. ఇంకా రాజకుమారి దగ్గరే ఉంది. వాకిట్లో తిరుమల బండి స్టార్ట్ చేసి ఉంది. ఎక్కు అంది. వెనక కూర్చున్నాను.

కట్ట మీద సగం దూరం పోయాక బండి ఆపింది. మంచులో రాజకుమారి సైకిల్ మీద పోతోంది, ఒక్కతే. చున్నీ నడుముకు చుట్టుకుని, చూపు ముందు చక్రం మీదే పెట్టి. ఐదు రోజులుగా ఇట్లనే పోతున్నదట. స్కూటీ దిక్కు చూడనే చూడనన్నదట. మస్టర్ ఒక్కటి కూడా పోలేదు.

"బాపూ, నౌకరి పోయిందంటే పోయింది. రెండు రోజులు కోపం పట్టిన, ఇంక అయిపోయింది. ఇంకో ఆరుగురు సైకిల్ నేర్చుకుంటమంటుండ్రు. పొద్దుగాల ముందర పోయేటోళ్లు ఉంటే ధైర్యం అంటుండ్రు. నువ్వు ఫిట్ గద. ఇంక రెండేండ్లు ఖాళీ ఏం కూర్చుంటవ్?"

ఒక్క షరతు పెట్టింది. బండి మటుకు ఆమెదే. నేను అడగకూడదు. సరే అన్నాను.

డిసెంబర్ 21, ఆదివారం

పాత ఇనుము సామాన్లవాళ్ల దగ్గర ఐదు సైకిళ్లు దొరికాయి. పంక్చర్ షాపాయన వాటిని చూసి, ఇక నాకు పెండ్లిళ్లే పెండ్లిళ్లు అన్నాడు. సదానందం వచ్చి చక్రాలు పట్టుకున్నాడు. తప్పు దిద్దుకుంటున్నట్టుంది. అన్నింటి సీట్లూ నాలుగు వేళ్లు పైకి ఎత్తాం.

కట్ట మీద ఇంతమందా అని భూపాల్ మొదట గొణిగాడు. కట్ట తెగితే తన నౌకరి పోతుందన్నాడు. తర్వాత తనే పార పట్టుకుని వచ్చి రైతుల పైపుల మీద రెండు దిక్కులా మట్టి పోసి సాపు చేశాడు. రాజకుమారి పడిన చోట ముళ్లకంప అడ్డం వేశాడు.

జనవరి 3, శనివారం

యాభై తొమ్మిది నిండాయి. ఇక ఏ బోర్డూ లేదు. సారవ్వ పాయసం చేసింది. గ్యాస్ బండ అయిపోయింది, నిండుది నేనే ఎత్తి లోపల పెట్టాను. గోడ పట్టుకోలేదు.

అక్క ఫోన్ చేసింది. మళ్లీ ఎప్పుడొస్తావు అంది. వచ్చే ఆదివారం అన్నాను. సారవ్వ ఫోన్ లాక్కుని, ఈసారి నేను కూడా వస్తా వదినా, క్యారియర్ మీద కూర్చుంట అంది. ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఆమె బరువు నాకు తెలుసు.

జనవరి 5, సోమవారం

మొదటి షిఫ్టు. ఐదున్నరకు బయలుదేరాం. మంచు ఎంత ఉందంటే కాలువ కనిపించలేదు, నీళ్ల చప్పుడు మాత్రం వినిపించింది. ముందు నేను. నా వెనకే రాజకుమారి. ఆమె వెనక సైకిళ్ల మీద నలుగురు, స్కూటీల మీద ఇద్దరు. అందరి వెనక లైటు వేసుకుని తిరుమల. తూము దగ్గర భూపాల్ టార్చి ఊపి, బావా రైలు తెచ్చినవా అన్నాడు.

ఏడుకు పది నిమిషాలు ఉండగా గేటు దగ్గర ఉన్నాం. అందరికీ మస్టర్ పడింది. పోయేటప్పుడు తిరుమల బండి తిప్పుకుని, సాయంత్రం మూడింటికి మళ్లీ వస్త, జల్ది తయారుగ ఉండుండ్రి అని ఆడవాళ్లకు చెప్పి పోయింది.

సదానందం ఈ పుస్తకం ఇంకా రాస్తున్నావా అని అడిగాడు. అలవాటైంది.

ఈరోజు నొప్పి: ఎడమ చెవి. రాజకుమారి తొమ్మిది కిలోమీటర్లూ బెల్లు ఆపలేదు.